మేడిగడ్డ గేట్లు చూసే ఇంజనీర్లకు, సిరొంచ ఒడ్డు నుంచి

గౌరవనీయులైన ఇంజనీర్లకు,

నమస్కారం. మేడిగడ్డ బ్యారేజీని బాగుచేసి మళ్లీ నీళ్లు నిలపాలా వద్దా, నిలిపితే ఏ మట్టం దాకా అని రెండు రాష్ట్రాల్లోనూ మాటలు నడుస్తున్నాయి. ఆ చర్చలో నాకు చోటు లేదు. పిల్లర్లు ఎందుకు కుంగాయో చెప్పే చదువూ నాకు లేదు. కానీ ఎప్పుడో ఒకప్పుడు మీరు గేట్ల నిర్వహణకు కొత్త నిబంధనలు రాస్తారు. ఏ నెలలో ఎంత మట్టం ఉండాలి, గేట్లు ఎప్పుడు ఎత్తాలి, ఎప్పుడు దించాలి అని ఒక పట్టిక తయారవుతుంది. ఆ పట్టికలో ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఉండే గళ్ల గురించి ఈ ఉత్తరం. ఎన్ని నీళ్లు ఆపుతారన్నది నా గొడవ కాదు. అవి ఎంత వేగంగా ఎక్కుతాయి, ఎంత వేగంగా దిగుతాయి అన్నదే. నది బురదలో మేసే పిట్టలు, తిన్నెల మీద గుడ్లు పెట్టే పిట్టలు బతికేది దాన్ని బట్టే.

మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా. ఆఫీసు కాగితాలు మరాఠీలో, ఇంట్లో మాట తెలుగులో. మేనమామలు, వియ్యంకులు సగం మంది మీ ఒడ్డున మహదేవపూర్, కాటారం వైపు ఉన్నారు. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసేది సిరొంచ, కాళేశ్వరాల మధ్య. దాని దిగువన మీ బ్యారేజీ. సంగమం నుంచి పోచంపల్లి దాకా ఎడమ ఒడ్డున ఉన్న పల్లపు పొలాలు, వాగులు కలిసే మూలలు, నది లోపలి ఇసుక తిన్నెలు: ఇంత చోటు గురించే నేను రాస్తున్నది. గేట్లు మీ చేతిలో ఉన్నాయి, బురద మా వైపు తేలుతుంది.

ముందు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. 2016 ఆగస్టు 23న ముంబైలో ఇద్దరు ముఖ్యమంత్రులు 100 మీటర్ల మట్టానికి ఒప్పందం చేసుకున్నారు, 2019 జూన్ 21న బ్యారేజీ ప్రారంభమైంది. ఆ తర్వాత గేట్ల వెనక నిలిచిన నీళ్లు, అంటే బ్యాక్‌వాటర్, మా వైపు పంట చేలలోకి వచ్చాయి. ఆ రైతుల పరిహారం మాట వాళ్లే నోరు నొప్పి పుట్టేలా చెప్పారు, ఇంకా చెబుతున్నారు. ఈ ఉత్తరం దానికి బదులు కాదు, దాన్ని వెనక్కి నెట్టడానికీ కాదు. పిట్టల కోసం పొలాలు ముంచమని నేను రాశానని ఎవరైనా అనుకుంటే మా ఊళ్లో నాకు నిలువ నీడ దొరకదు, దొరకకూడదు కూడా.

మా దగ్గర మార్చి అంటే మిర్చి ఏరడం, తెల్లవారుజామునే ఇప్పపూలకు పోవడం. నది వైపు చూసే తీరిక ఎవరికీ ఉండదు. అదే నెలలో నదిలో పెద్ద రాకపోకలు జరుగుతుంటాయి.

బ్యాక్‌వాటర్ నిలిచిన ఏళ్లలో శివరాత్రి దాటాక పొలాల అంచున నీళ్లు వెనక్కి జరిగితే ముందు గట్లు తేలేవి. తర్వాత మడి మధ్య పాత వరి మోళ్లు, ఆ మోళ్ల చుట్టూ చీలమండ లోతు నీళ్లు. 2023 అక్టోబరు 21న ఏడో బ్లాకు కుంగి గేట్లు ఎత్తేశాక ఆ బురద పొలాల నుంచి నది లోపలికి మారింది. ఇప్పుడది వాగు నోళ్ల దగ్గర, తిన్నెల వెనక మిగిలిన మడుగుల అంచున ఉంటోంది. చోటు మారినా దిగే పిట్టలు అవే.

కట్ట మీది నుంచి ఊరికే చూసి పోతే అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. వాటి వీపులు మట్టి రంగు, ఆగి నిలబడితే కనబడవు. కాసేపు కదలకుండా కూర్చోవాలి. ముందు కంటికి ఆనేవి ఎర్రటి పొడుగు కాళ్ల స్టిల్ట్‌లు. అవి ఏడాది పొడవునా ఇక్కడ ఉండేవే. వాటి చుట్టూ వెతికితే అసలు ప్రయాణికులు దొరుకుతాయి. వీపు మీద తెల్ల చుక్కలతో, నిలబడి ఉన్నా వెనక భాగం ఊపుతూ ఉండేవి వుడ్ శాండ్‌పైపర్లు. పిచ్చుకంత ఉండి, తల ఎత్తకుండా బురదను పొడుచుకుంటూ పరుగెత్తేవి లిటిల్ స్టింట్‌లు. మరికాస్త లోతులో, పొట్ట తడిసేదాకా దిగి అర జానెడు ముక్కును మొదలంటా గుచ్చేవి బ్లాక్‌టెయిల్డ్ గాడ్‌విట్‌లు. సన్నటి సూది ముక్కుతో మార్ష్ శాండ్‌పైపర్, కొంచెం పైకి వంగిన ముక్కుతో గ్రీన్‌షాంక్. చేపలు పట్టేవాళ్లు వీటన్నిటినీ కలిపి ఉల్లంకి పిట్టలు అనేస్తారు. అదీ నిజమే, జనవరిలో చూస్తే అన్నీ బూడిద రంగే, పోల్చుకోలేక తల నొప్పి పుడుతుంది. మార్చి చివరికి రంగు తేలతాయి. లిటిల్ స్టింట్ వీపు ఇటుక రంగుకు తిరుగుతుంది, గాడ్‌విట్ మెడ ఎర్రబడుతుంది, రఫ్ అనే పిట్టల్లో మగవాటి మెడ దగ్గర నల్లవీ గోధుమవీ కొత్త ఈకలు మొలవడం మొదలవుతుంది. పిట్టలు చూడడం నేర్చుకోవాలనుకునే పిల్లలను నేను డిసెంబరులో కాదు, ఉగాది ముందు తీసుకెళ్తాను.

లిటిల్ స్టింట్ బరువు పాతిక గ్రాముల దగ్గర. అది గుడ్లు పెట్టేది రష్యా ఉత్తర కొసన, ఆర్కిటిక్ తుండ్రాలో. వుడ్ శాండ్‌పైపర్ ఉత్తర ఐరోపా, సైబీరియా చిత్తడి నేలలది. అక్కడ మంచు కరిగి నేల కనబడేది జూన్ ప్రాంతంలో, ఆ వేసవి ఎన్నో వారాలు ఉండదు. ముందే చేరితే తినడానికి పురుగు ఉండదు, ఆలస్యమైతే పిల్లలు ఎదిగేలోపు చలి కమ్ముతుంది. అందుకే మార్చి, ఏప్రిల్‌లలో వీటికి తిండి తప్ప వేరే ధ్యాస ఉండదు. ఒంటికి కొవ్వు పట్టాలి, దారిలో అదే ఇంధనం. కొవ్వు పట్టిన గుంపు సాయంత్రం పూట లేస్తుంది. అరుచుకుంటూ రెండు చుట్లు తిరిగి, ఎత్తు పెంచుకుని ఉత్తరానికి పోతుంది. మర్నాడు అదే బురదలో ఇంకో గుంపు ఉంటుంది, చూసేవాళ్లకు నిన్నటివే అనిపిస్తుంది. ఒకరోజు వెళ్లి తలలు లెక్కపెట్టి ‘ఇక్కడ ఇన్నే ఉన్నాయి’ అనడం అందుకే తప్పు. అది రైల్వే స్టేషన్‌లో ఉన్న జనం, ఊరి జనాభా కాదు.

ఇప్పుడు మీ పని దగ్గరికి వస్తాను. ఇదంతా చివరికి సెంటీమీటర్ల లెక్క. స్టింట్ కాళ్లు పొట్టివి. తడి బురద, మహా అయితే రెండు మూడు సెంటీమీటర్ల నీళ్లు ఉంటేనే దానికి పని. శాండ్‌పైపర్లకు ఇంకొంచెం, గాడ్‌విట్‌కు పది సెంటీమీటర్లు దాటినా ఫరవాలేదు. అడుగు లోతు నిలిస్తే ఈ గుంపులో దేనికీ తిండి లేదు (బాతులు మాత్రం సంతోషిస్తాయి). అలాగని పూర్తిగా దింపేస్తే, మా ఎండకు రెండు మూడు రోజుల్లో పైపొర గట్టిపడి బీటలు వారుతుంది. వాటి తిండి, అంటే దోమజాతి పురుగుల లార్వాలు, సన్న వానపాములు, చిన్న నత్తలు, ఆ పెళ్ల కిందికి దిగిపోతాయి, లేదా చస్తాయి. ముక్కు దిగని బురద ఉన్నా లేనట్టే.

మా పల్లపు నేలకు వాలు చాలా తక్కువ. మట్టం అంగుళం దిగితే గజాల కొద్దీ కొత్త బురద తేలుతుంది. రోజుకు అంగుళం, రెండు అంగుళాల చొప్పున దిగితే రోజూ నీటి అంచున ఒక కొత్త పట్టె, అందులో నిన్నటిదాకా నీళ్ల కింద ఉన్న పురుగు. నెలన్నర పాటు వచ్చే గుంపులన్నిటికీ ఇలా సరిపోతుంది. ఒకే రాత్రి మూడడుగులు దింపితే ఆ నెలన్నర తిండీ మూడు రోజుల్లో ఎండిపోతుంది. రెండు పద్ధతుల్లోనూ మీరు వదిలేది అవే నీళ్లు.

ఎక్కే నీళ్ల సంగతి దీనికంటే తీవ్రమైనది. పైన చెప్పినవి పోయే పిట్టలు. నది మధ్య తిన్నెల మీద గుడ్లు పెట్టేవి ఇక్కడివే: రివర్ టెర్న్, రివర్ ల్యాప్‌వింగ్, చిన్న ప్రాటిన్‌కోల్, లిటిల్ రింగ్డ్ ప్లవర్. ఇవి గూడు అల్లవు. ఇసుకలో కాలితో చిన్న గుంట చేసి, ఇసుక రంగు గుడ్లు అందులో పెడతాయి. మార్చి నుంచి మే దాకా ఇదే కాలం. మధ్యాహ్నం ఆ ఇసుక మీద మనం చెప్పు లేకుండా నిలబడలేం. తల్లి పిట్ట నీళ్లలో పొట్ట తడుపుకొని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది, అవి ఉడికిపోకుండా. మూడు వారాలు ఇలా పొదిగి, పిల్ల ఎగిరేదాకా ఇంకొన్ని వారాలు కాపలా కాయాలి. ఆ తిన్నె నీటి మీద అడుగో రెండడుగులో ఎత్తు ఉంటుంది. ఏప్రిల్‌లో ఒక రాత్రి గేట్లు దించి మట్టం రెండడుగులు పెంచితే ఆ ఏటి పిల్లలు అక్కడితో సరి. మళ్లీ పెట్టినా, పిల్లలు రెక్కలు ముదిరేలోపు మృగశిర కార్తె, ప్రాణహిత వరద.

ఇందులో ఇంకో చిక్కు ఉంది, చంబల్ నది మీద, తిన్నెల మీదే గుడ్లు పెట్టే స్కిమ్మర్ పిట్టల విషయంలో నిపుణులు చూసిందీ ఇదే. నీళ్లు మరీ తగ్గితే తిన్నెకూ ఒడ్డుకూ మధ్య పాయ ఎండిపోతుంది. అప్పుడు కుక్కలు, నక్కలు, పశువులు, ఇసుక ట్రాక్టర్లు నేరుగా గూళ్ల మీదికి నడిచి వస్తాయి. కాబట్టి తిన్నె మునగకూడదు, దాని చుట్టూ పాయ ఎండకూడదు. కష్టమైన లెక్కే. అయితే 85 గేట్లతో లక్షల క్యూసెక్కుల వరద లెక్క వేసేవారికి ఇది చేతకాని పని అని నేను అనుకోను.

తీతువు గురించి ఒక్క మాట. రాత్రి తీతువు కూస్తే ఇంట్లో ఎవరో పోతారని మా ఊళ్లలో ఇప్పటికీ తలుపులు వేసుకునేవాళ్లున్నారు. అది గుడ్లున్న చోటికి మనిషో కుక్కో వస్తే మొత్తుకుంటుంది, అంతే. ఇసుక కోసం అర్ధరాత్రి నదిలోకి ట్రాక్టర్లు దిగే రోజుల్లో తీతువు ఎక్కువగా కూస్తుంది. చావు కబురు ఎవరిదో లెక్క వేసుకోవచ్చు.

ఇదంతా అటవీ శాఖకు చెప్పుకో, మాకెందుకు అని మీకు అనిపించవచ్చు. చెప్పుకోవడానికి అక్కడ సరైన కిటికీ లేదు. 2017 చిత్తడి నేలల నిబంధనలు తీసి చూడండి. నదీ గర్భాలు, వరి పొలాలు, సాగునీటి కోసం కట్టినవి చిత్తడి నేలల కిందికి రావని అందులోనే ఉంది. మా బురదేమో ఈ మూడింటి మధ్య ఉంది: ఒక ఏడు వరి పొలంలో, ఒక ఏడు నదిలో, ఒక ఏడు బ్యాక్‌వాటర్‌లో. మీ వైపు ప్రాణహిత అభయారణ్యం ఉంది, కానీ అది ఎగువన, కృష్ణ జింకల కోసం. ఆసియా నీటిపక్షుల లెక్క జరిగేది జనవరిలో, 1987 నుంచీ అదే నెల. మార్చి చివర మా దగ్గర దిగి పోయేవి ఆ పుస్తకంలో ఎక్కవు. లెక్కలో లేనిదానికి ఫైలు ఉండదు, ఫైలు లేనిదాన్ని ఏ మీటింగులో పెడతారు? చివరికి ఆ పిట్టల మంచిచెడ్డలు నిర్ణయించే కాగితం గేట్ల పట్టిక ఒక్కటే. అందుకే మీకు రాశాను.

ఇదేమీ కొత్త కోరిక కాదు. ఇదే గోదావరి మీద, మహారాష్ట్రలోనే, నాసిక్ జిల్లా నాందూర్ మధ్మేశ్వర్‌లో కాద్వా నది కలిసే చోట సాగునీటి కోసం ఆనకట్ట కట్టారు. దాని వెనక మేట వేసిన ఒండ్రు, లోతు తక్కువ నీళ్లు పక్షులకు నెలవయ్యాయి. దాన్ని అభయారణ్యం చేశారు. అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల పట్టికైన రామ్‌సార్ జాబితాలో అది చేరిందని 2020లో ప్రకటించారు, మహారాష్ట్ర నుంచి అదే మొదటిది. కాలువలకు నీళ్లు ఇవ్వడమూ ఆగలేదు. భీమా నది మీద ఉజ్జని జలాశయం వెనక భిగ్వాన్ చూడండి. వేసవికి నీళ్లు వెనక్కి తగ్గే కొద్దీ బురద తేలుతుంది, ఫ్లెమింగోలు దిగుతాయి, చేపలు పట్టే కుటుంబాలు పడవల్లో జనాన్ని తిప్పి నాలుగు డబ్బులు సంపాదించుకుంటున్నాయి. సిరొంచకు రేపే టూరిస్టులు వస్తారని నేను అనను. ముందు రోడ్డు సరిగా ఉండాలి.

ఇక అడిగేవి. ఫిబ్రవరి సగం నుంచి ఏప్రిల్ చివరి దాకా మట్టం దించాల్సి వస్తే రోజుకు ఒకటి రెండు అంగుళాల చొప్పున దించండి. మార్చి మొదలు నుంచి రుతుపవనాల దాకా, తప్పనిసరి అయితే తప్ప మట్టం పెంచకండి. పంపుల మాట వస్తుందని తెలుసు. కానీ బ్యారేజీ వెనకి నీళ్లు ఎత్తిపోసే కన్నెపల్లి మోటార్లకు అసలు పని ప్రాణహితలో వరద ఉన్న నెలల్లోనే. ఏప్రిల్‌లో ప్రాణహిత ఎంత సన్నగా పారుతుందో మాకంటే మీకే బాగా తెలుసు. గేట్లకు రంగులు వేయాలని, రబ్బరు సీళ్లు మార్చాలని, దిగువన కాంక్రీటు దిమ్మెలు చూడాలని ఖాళీ చేయాల్సిన ఏడాది ఉంటుంది. అప్పుడు పని మే నెలలో పెట్టుకున్నా, దించడం మాత్రం ఫిబ్రవరిలోనే మొదలుపెట్టండి. హడావుడిగా వారంలో ఖాళీ చేయాల్సిన టెన్షన్ మీకూ తప్పుతుంది.

గేట్లు కదిపే ముందు మా వైపు గ్రామ పంచాయతీలకు ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టండి. ఇది పిట్టల కోసం కాదు, మనుషుల కోసం. తిన్నెల మీద పుచ్చ, దోస పెట్టుకునేవాళ్లు, పశువులు తోలుకుని నది దాటేవాళ్లు, రాత్రి వల వేసి ఇసుకలోనే పడుకునేవాళ్లు ఉంటారు. మీ సైరన్ మీ ఒడ్డున బాగా వినబడుతుంది. మా వైపు గాలిని బట్టి ఉంటుంది. దీనికి ఏ అంతర్రాష్ట్ర బోర్డు అనుమతీ అవసరం లేదనుకుంటాను, ఒక ఫోను, ఒక నంబర్ల జాబితా చాలు.

ఆ పట్టిక రాసేటప్పుడు గడ్చిరోలి అటవీ శాఖ వారిని ఒక్కసారి కూర్చోబెట్టుకోండి. వాళ్లకూ ఇదే ఉత్తరం పంపుతున్నాను, జనవరితో పాటు మార్చి చివరివారంలో కూడా లెక్క పెట్టమని. 2024 అక్టోబరులో, ముప్పున్న జీవుల జాబితా రాసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దాన్ని సవరించినప్పుడు 16 రకాల వలస తీరపక్షులను (ఈ బురద పిట్టల కోవకు చెందినవే) మునుపటి కంటే ఎక్కువ ముప్పున్న వర్గాల్లోకి మార్చారు. గుడ్లు పెట్టే చోటు బాగున్నా, చలికాలం గడిపే చోటు బాగున్నా, మధ్యలో ఆగి తినే చోట్లు పోతే పిట్ట చేరదు. మధ్య ఆసియా వలస మార్గం ఆర్కిటిక్ నుంచి హిందూ మహాసముద్రం దాకా 30 దేశాల మీదుగా పోతుంది. ఆ దారిలో పక్షులను, వాటి నెలవులను కాపాడతామని మన దేశం 2018లో కార్యాచరణ ప్రణాళికే రాసుకుంది. ఆ ప్రణాళిక కాగితం మీ ఆఫీసుకు వచ్చిందో లేదో నాకు అనుమానమే.

మార్చి చివరి వారంలో ఒక సాయంత్రం మీలో ఎవరైనా రండి. మీ వైపు నుంచైతే కాళేశ్వరం వంతెన దాటితే సిరొంచే. ఎండ కాస్త తగ్గాక, నాలుగున్నరకు నదీ ఒడ్డున కలుద్దాం. సూర్యుడు వెనక ఉండేలా కూర్చుంటేనే రంగులు తెలుస్తాయి కాబట్టి పడమర వైపు కట్ట ఎక్కుదాం. జీపు దూరంగా ఆపాలి, తిన్నెల మీదికి దిగకూడదు, డ్రోన్ తేవద్దు. బైనాక్యులర్స్ నా దగ్గర ఉన్నాయి. మీరు మీ లెవెల్ స్టాఫ్ తెచ్చుకోండి. స్టింట్‌లు తింటున్న అంచున, గాడ్‌విట్‌లు నిలబడ్డ చోట లోతు ఎంతుందో అవి లేచిపోయాక మీరే కొలిచి రాసుకుందురు గాని.

ఇట్లు,
సిరొంచ తాలూకా నుంచి ఒక రైతు కొడుకు